దాల్‌హౌసీ గోడలు, అక్క ఇన్సులిన్

దాల్‌హౌసీ అనే ఆస్ట్రేలియా ఎడారి శిథిలాల దగ్గర కారు దిగగానే నేను చేసిన మొదటి పని, ఒక గోడ సందులోంచి చిటికెడు సున్నం గోటితో గీకి వేళ్ల మధ్య నలిపి చూడటం. సింగపూర్‌లో తంజోంగ్ పగార్ వైపు, కింద దుకాణం పైన కాపురం ఉండే పాత షాప్‌హౌస్‌లకు ముప్పై ఏళ్లకు పైగా సున్నపు గార వేస్తున్నవాణ్ణి. పాత గోడ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఇసుక పాలెంత, సున్నం పాలెంత అని అంచనా వేస్తూ ఉండగానే వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరిగి చూస్తే వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, పక్కనే ఉన్న బోర్డును వేలితో చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఇక్కడి రాయి, ఇనుము, గాజుపెంకు దేన్నీ కదపవద్దు, తీసుకుపోవద్దు అని దాని మీద రాసి ఉంది. సిగ్గేసి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

ఆ పెద్దాయనే మర్నాడు మా అక్కను గండం గట్టెక్కించాడు. అక్క ఇప్పుడు బాగానే ఉంది. నేనిది రాస్తుంటే సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్ ఫ్లాట్‌లో పక్క గదిలో కూర్చుని టీవీతో పోట్లాడుతోంది. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ నిశ్చింత. ఇక మొదటి నుంచి చెబుతాను.

ముగ్గురం

అక్క పేరు సత్యవతి, వయసు అరవై ఏడు. బడి క్యాంటీన్‌లో స్టాల్ నడిపి పోయినేడే మూసేసింది. మా తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి నేవీ రేవులో పనికి కుదిరాడు. మేము మూడో తరం. మా ఇంటి తెలుగులో తమిళం, మలయ్ ఎంత కలిశాయో మాకే తెలియదు. అక్కకు ఒక కోరిక ఉండేది. "గంటలో బట్ట ఆరిపోయే ఊరొకటి చూడాలిరా సూరీ. పుట్టినప్పటి నుంచి ఈ చెమటలోనే ఉన్నాను" అనేది.

అక్క ఫ్లాట్‌లో ఒక గది స్వప్నకు అద్దెకిచ్చింది. జగిత్యాల దగ్గరి పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో భూగర్భ జలాల మీద పరిశోధన చేస్తోంది. ఒక ఆదివారం అన్నం తింటూ తనే ఈ మాట ఎత్తింది.

"ఆస్ట్రేలియాల ఎడారి ఒకటుంది ఆంటీ. గక్కడ భూమి కిందికెళ్లి వేడినీళ్లు ఊరుతయి. ఎప్పటివో పాతకాలపు వాన నీళ్లు. పక్కనే పాత ఇండ్లు గూడ ఉన్నయట, సర్కారు కాపాడుతున్నది. అంకుల్ గోడలు చూస్తడు, నేను నీళ్లు చూస్త, నువ్వు బట్టలారేసుకో."

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే ప్రయాణం ఖాయమైపోయింది. మా ఆవిడకు సెలవు దొరకలేదు. "అక్క మందులు జాగ్రత్త" అని ఒకటే మాట చెప్పి పంపింది. అక్క పన్నెండేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటోంది, రోజూ రెండు పూటలు. ఆ మాట నేను ఎంత బాగా పాటించానో మీరే చూస్తారు.

అడిలైడ్‌లో కరివేపాకు

ఆస్ట్రేలియా వాళ్లకు విమానాశ్రయంలో బాంబుల కంటే ఆకులంటే ఎక్కువ భయం. అక్క తన పెట్టెలో చీరల మధ్య కరివేపాకు దాచింది. స్వప్న ఫారంలో తినే వస్తువులున్నాయని నిజాయితీగా టిక్కు పెట్టింది. ఆఫీసరు పెట్టె తెరిపించాడు. కందిపొడి వాసన చూశాడు, ఎండురొయ్యల సంబల్ కారం సీసాను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. కరివేపాకు రెమ్మల్ని మాత్రం చేతికి తొడుగు వేసుకుని, పామును పట్టినట్టు పట్టుకుని సంచిలో వేసి కట్టేశాడు.

"అలమాక్! అది ఆకయ్యా, ఒట్టి ఆకు" అంది అక్క తెలుగులోనే.

ఆయన చాలా మర్యాదగా "సారీ లవ్" అన్నాడు. అరవై ఏడేళ్ల తనను ముక్కూమొహం తెలియని మగాడు లవ్ అన్నాడని అక్క రెండు రోజులు చెప్పుకుంది. ఆ దేశంలో ప్రతి దుకాణంవాడూ అలాగే పిలుస్తాడని తెలిశాక కొంచెం నిరాశపడింది.

ఊడ్నడాటా

అక్కడి నుంచి ఉత్తరానికి రెండున్నర రోజులు. స్వప్న నడిపింది. నాకు లైసెన్సు ఉంది గానీ సింగపూర్‌లో కారు కొనే స్తోమత ఎవరికుంది, చెయ్యి మరిచిపోయింది. పచ్చని పొలాలు ముందు పసుపయ్యాయి, తర్వాత పొదలయ్యాయి, చివరికి ఎర్రరాళ్లయ్యాయి. గుండ్రంగా నున్నగా ఎవరో నూనె రాసి పరిచినట్టున్న రాళ్లు, కనుచూపు మేర. చెట్టు లేదు. దారిలో బండి ఎదురైతే నడిపేవాడు స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు లేపి పలకరిస్తాడు. రెండో రోజుకల్లా అక్క కూడా ముందు సీట్లో కూర్చుని అందరికీ వేలు లేపడం మొదలుపెట్టింది.

ఊడ్నడాటా అంటే ఒక వీధి. పెట్రోలు పోసి, అన్నం పెట్టి, టైర్లు బాగుచేసే దుకాణం ఒకటే. అక్క లోపలికి వెళ్లి అలవాటు కొద్దీ ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి చెప్పడానికి వచ్చింది. మా ఊళ్లో అలా పెడితే ఆ బల్ల మనదే, ఎవరూ కూర్చోరు. చోప్ చేయడం అంటాం. తిరిగి చూసేసరికి అక్కడి అమ్మాయి ఆ ప్యాకెట్‌ను చెత్తబుట్టలో పడేసి బల్ల తుడిచింది. ముగ్గురు లారీ డ్రైవర్లు వచ్చి కూర్చున్నారు. ఆ బల్ల తాను చోప్ చేసిందని అక్క గట్టిగా వాదించింది. విషయం తెలిశాక ఆ డ్రైవర్లే జరిగి చోటిచ్చారు.

బర్గర్ ఇరవై ఎనిమిది డాలర్లు. "ఆ డబ్బుకి నా స్టాల్లో ఏడుగురు కడుపునిండా మక్కన్ చేసి వెళ్లేవాళ్లు" అంది అక్క. అంటూనే మొత్తం తినేసింది. క్వాండాంగ్ అనే ఎడారి పండుతో చేసిన 'పై' అనే తీపి రొట్టె కూడా అక్కడ దొరుకుతుంది. ఎర్రగా, చింతచిగురు పులుపులో కొంచెం తీపి కలిసినట్టు ఉంటుంది. అది నాకు బాగా నచ్చింది.

రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు పొద్దున బయలుదేరే ముందు గడ్డకట్టిన గొర్రెమాంసం రెండు కిలోలు కొన్నాను. కారు వెనక చిన్న ఫ్రిజ్ పెట్టె ఉంది, పెరుగు, కూరలు, అక్క ఇన్సులిన్ సంచి అన్నీ అందులోనే. మాంసం పాడవుతుందేమోనని చలి పెంచే మరను చివరిదాకా తిప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయం అని కూడా అనుకోలేదు.

గోడలు, ఖర్జూరాలు

ఆ మధ్యాహ్నానికి విట్‌జిరా జాతీయ పార్కులో ఉన్నాం. సింప్సన్ ఎడారి అంచు అది. దాల్‌హౌసీ శిథిలాలు వేడినీళ్ల ఊటలకు కొంచెం ముందే వస్తాయి. వెనకటి కాలంలో పశువులు మేపుకోవడానికి వచ్చినవాళ్లు కట్టుకున్న రాతి ఇళ్లు, కొట్లు, పశువుల దొడ్లు. కొంతకాలం బతికి, ఎండకు తట్టుకోలేక వదిలేసి పోయారు. పైకప్పులు లేవు. కిటికీల చోట చతురస్రాకారపు ఆకాశం. ఒక గోడ ఒరిగిపోకుండా ఇనుప ఊతకర్ర పెట్టారు. అంతే, ఇంకేమీ చేయలేదు.

ఇది నాకు వింతగా తోచింది. మా దగ్గర పాత ఇంటిని కాపాడటమంటే పగుళ్లు పూడ్చి, గార వేసి, రంగులద్ది, లోపల ఏసీ పెట్టి కాఫీ దుకాణానికి అద్దెకివ్వడం. నా బతుకంతా ఆ పనే. ఇక్కడ గోడ ఎంతవరకు మిగిలిందో అంతవరకే నిలబెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు. తుప్పుపట్టిన రేకు డబ్బా ఒకటి గడప ముందు పడి ఉంది. అది కూడా రక్షిత వస్తువేనట.

గొంతు సవరించుకున్న పెద్దాయన పేరు డెన్నిస్. నేను గారపనివాణ్ణని చెప్పాక ఆయన మొహం విప్పారింది. సున్నం ఎక్కడ కాల్చి ఉంటారు, నీళ్లెక్కడివి అని ఆయన ఇంగ్లీషు, నా సింగపూర్ ఇంగ్లీషు కలిపి అరగంట మాట్లాడుకున్నాం. గోడల వెనక ఖర్జూర చెట్లు గుంపుగా ఉన్నాయి. ఆయన వాటికోసం వచ్చాడు.

"మా ముత్తాత ఒంటెలు తోలేవాడు. పెషావర్ అవతలి నుంచి ఓడలో తెచ్చారు, ఒంటెల్నీ ఆయన్నీ. ఒంటెలవాళ్లు ఎక్కడ నీళ్లు కనబడితే అక్కడ ఖర్జూరపు గింజ పాతేవాళ్లు. ఇందులో ఆయన పాతింది ఏదో నాకు తెలియదు. అందుకని అన్నిటినీ చూసి పోతాను" అన్నాడు.

ఊటల దగ్గర ఈ చెట్లు నీళ్లన్నీ తాగేస్తున్నాయని కొన్నిటిని తీసేశారని కూడా చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. మా తాత కూడా ఓడలోనే వచ్చాడని చెప్పాను. "ఏం తెచ్చాడు?" అని అడిగాడు. ఎంత ఆలోచించినా నాకు గుర్తురాలేదు. అక్క వెనక నుంచి అందుకుంది. "పీట. కొబ్బరి తురుముకునే కోరాం పీట. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది."

స్వప్న దాన్ని ఇంగ్లీషులో వివరిస్తే డెన్నిస్ భార్య ఐలీన్ నవ్వుతూ అక్క భుజం మీద చెయ్యి వేసింది.

వేడినీళ్ల ఊట

ఎడారి మధ్యలో రెల్లు పొదలు, వాటి మధ్య పెద్ద మడుగు, మీద పొగలు. దిగితే ఒంటికి సరిగ్గా సరిపోయే వేడి. అడుగు తగలదు. చిన్న చిన్న చేపలు వచ్చి కాళ్లు కొరుకుతాయి. స్వప్న ఒడ్డున నీళ్లు దోసిట్లో పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. అక్క నైటీతోనే దిగి ఒక రబ్బరు ట్యూబు పట్టుకుని తేలింది. తన చీర తడిపి పొద మీద ఆరేస్తే గంట కాదు, ఇరవై నిమిషాల్లో ఆరింది. అక్క చీర ముట్టుకుని చూసి, మళ్లీ ముట్టుకుని చూసి, "నిజమేరా" అంది.

నేను పెరుగు తీద్దామని ఫ్రిజ్ పెట్టె తెరిచాను. పెరుగు రాయయిపోయింది. దాని పక్కన అక్క మందు సంచి. ఇన్సులిన్ పొడుచుకునే పెన్నులు మూడూ గట్టిగా, చల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను వాటిని తీసి చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో నిలబడ్డాను. కరిగాయి. పాలలా ఒకే తీరుగా ఉండాల్సిన మందులో సన్నటి పలుకులు తేలుతున్నాయి. ఊపాను, కొంచెం తగ్గినట్టు అనిపించింది. మంచు కరిగితే నీళ్లే కదా, ఇది కూడా అంతేలే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. అక్కడ అక్క ఊటలో తేలుతూ ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉంది. ఈ మాట చెప్పి పాడుచేయడం ఎందుకు? సంచి మళ్లీ తన చోట పెట్టి, మరను వెనక్కి తిప్పేశాను. ఆ సాయంత్రం అక్క కళ్లజోడు లేకుండానే ఎప్పటిలా పొట్టకు పొడుచుకుంది. నేను మొహం తిప్పుకుని ఉల్లిపాయలు తరిగాను.

వాన

పొద్దున టెంటు మీద చప్పుడుకు మెలకువ వచ్చింది. వాన. సింగపూర్ వానలా కుండపోత కాదు, సన్నగా, ఆగకుండా. ఎడారిలో వాన చూడటం అదృష్టమని ముందు మురిసిపోయాం. రెండు గంటల్లో నేలంతా ఎర్రటి ముద్ద అయింది. చెప్పుకు అంగుళం మందాన బురద అంటుకుంటుంది, అడుగు తీస్తే చెప్పు కిందే ఉండిపోతుంది. రేంజరు వచ్చి దారులన్నీ మూసేశామని చెప్పింది. ఎండాక తెరుస్తారు, ఎప్పుడో తెలియదు. అంతవరకు కారు కదిలిస్తే జరిమానా.

అక్క షుగర్ పొద్దున మా సింగపూర్ మీటరు లెక్కలో పదిహేను దాటింది, ఇండియా లెక్కలో రెండువందల డెబ్బై. మామూలుగా ఏడూ ఎనిమిదీ ఉంటుంది. మళ్లీ ఇన్సులిన్ వేసుకుంది. పదకొండు గంటలకు పందొమ్మిది.

"ఏం తిన్నవ్ ఆంటీ? నిజం జెప్పు, ఆ పండు 'పై' గాని దెచ్చుకొని తిన్నవా?" అని స్వప్న నిలదీసింది.

"నేనెందుకు తింటానే? పొద్దున రెండు బిస్కట్లు, టీ. చక్కెర లేని టీ."

"మరెందుకు పెరుగుతున్నది?"

నేను బయట గోతిలో చేరిన నీళ్లు పారతో తోడుతున్నాను. వినబడనట్టు నటించాను. మధ్యాహ్నం మూడింటికి మీటర్ ఇరవై మూడు చూపించింది. అక్క నాలుక పిడచకట్టి, గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతోంది. అప్పుడిక నా వల్ల కాలేదు.

"అక్కా, నీ మందు నిన్న గడ్డకట్టింది. నేనే మర తిప్పాను. కరిగించి మళ్లీ సంచిలో పెట్టాను."

ముందు స్వప్న అందుకుంది.

"అంకుల్! గడ్డగట్టిన ఇన్సులిన్ పనిజెయ్యది. నీళ్లు పొడుచుకున్నట్టే. నిన్ననే ఎందుకు చెప్పలె? నిన్న దారి తెరిచుండె, రెండు మూడు గంటల్ల ఊడ్నడాటాల ఉంటుంటిమి. పొద్దటి సంది నేను ఆంటీనే సతాయిస్తున్న..." తన కళ్లలో నీళ్లు తిరిగాయి. రెయిన్‌కోటు కూడా వేసుకోకుండా రేంజరు ఇంటి వైపు పరిగెత్తింది.

అక్క నన్ను తిట్టలేదు. చిన్నప్పటి నుంచి గ్లాసు పగలగొట్టినా వీపు వాయించే మనిషి. టెంటులో మడతమంచం మీద వెనక్కి వాలి, "భయంగా ఉందిరా" అంది. నేను తన పాదాల దగ్గర కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

రేంజరు ఫోను

రేంజరు పేరు జోడీ. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తన ఇంట్లో ఉన్న ఉపగ్రహ ఫోనులో వందల కిలోమీటర్ల అవతల ఉన్న డాక్టరును పట్టుకుంది. అక్కను నెమ్మదిగా అక్కడికి నడిపించుకెళ్తే డాక్టరు తనతో మాట్లాడాడు. కడుపులో తిప్పుతోందా, వాంతి అయిందా, ఊపిరి ఎలా ఉంది అని వరసగా అడిగాడు. ఇప్పటికి ఫరవాలేదు, కానీ రేపటిదాకా ఇలాగే వదిలేయకూడదు అన్నాడు. అవసరమైతే విమానం పంపుతాం, మీ దగ్గరి మట్టి రన్‌వే పరిస్థితి ఏమిటి అని జోడీని అడిగాడు.

"దాని మీద ఇప్పుడు బాతులు ఈదుతున్నాయి" అంది జోడీ.

జోడీ ఇంట్లో పెట్టె నిండా మందులున్నాయి గానీ ఆ రోజు ఇన్సులిన్ లేదు. "క్యాంపులో ఇంకెవరైనా షుగర్ మనుషులున్నారేమో అడగండి" అని డాక్టరే సలహా ఇచ్చాడు. ఆ వానలో పదకొండు బళ్లు ఆగి ఉన్నాయి. జోడీ ఒక వైపు, నేనొక వైపు బయలుదేరాం. నాలుగో బండి డెన్నిస్‌ది. నేను తలుపు కొట్టి, మాట తడబడుతూ, విషయం చెప్పాను. మొత్తం చెప్పాను, జేబులో పెట్టుకుని కరిగించిన సంగతితో సహా.

ఆయన లోపలికి తిరిగాడు. "ఐలీన్, నా పెట్టె ఇవ్వు" అన్నాడు.

ఆయనకూ షుగరే. ఇరవై ఏళ్లుగా. విప్పని పెన్నులు అయిదు ఉన్నాయి. రెండు తీసి కోటు లోపలి జేబులో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో వట్టి కాళ్లతో నాతో నడిచి వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. దారిలో ఒకసారి జారితే నేను పట్టుకున్నాను, మరోసారి నేను జారితే ఆయన పట్టుకున్నాడు.

ఫోనులో స్వప్న పెన్ను మీద ఉన్న అక్షరాలన్నీ ఒక్కొక్కటే చదివింది. వేరే కంపెనీది, కానీ రకం అదే, పాళ్లూ అవే. డాక్టరు అక్క మామూలు మోతాదు కంటే కొంచెం తగ్గించి మొదలుపెట్టమన్నాడు. కొత్త సూది పెట్టి అక్క పొడుచుకుంది. ఈసారి కళ్లజోడు పెట్టుకుంది.

చివర్లో డాక్టరు నాతో మాట్లాడతానన్నాడు. చీవాట్లకు సిద్ధపడి ఫోను తీసుకున్నాను.

"ఇప్పుడు మీ దగ్గర చలికాలమే కదా. వాడుతున్న పెన్నును ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పనే లేదు. సంచిలో పడేసి ఉంచినా బాగుండేది" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట చాలు.

రెండు గంటలకోసారి వేలు పొడిచి చూశాం. ఇరవై ఒకటి. పద్ధెనిమిది. సంధ్యవేళకు పదిహేను. అంకె తగ్గుతున్నకొద్దీ నా భుజాలు కిందికి దిగుతున్నట్టు నాకే తెలిసింది. మర్నాడు పొద్దున స్వప్న మీటర్‌ను నా మొహం ముందు పెట్టింది. తొమ్మిదీ పాయింట్ ఒకటి.

"ఇగ నవ్వు అంకుల్" అంది.

ఎండేదాకా

మూడు రోజులు అక్కడే ఉన్నాం. ఇంత నిమ్మళంగా నేను ఏ యాత్రలోనూ లేను. పొద్దున ఊటలో మునక, మధ్యాహ్నం నిద్ర. తినేవి అందరివీ కలిపేశాం. ఆ గొర్రెమాంసాన్ని అక్క కందిపొడి, మిరియాలు వేసి వండితే పదకొండు బళ్లవాళ్లూ గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఐలీన్ నిప్పుల మీద కాల్చిన రొట్టె తెచ్చింది. ఎండురొయ్యల సంబల్ తిన్న ఒక ముసలాయన కళ్లు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. మా ఊళ్లో పదేళ్లు ఒకే అంతస్తులో ఉన్నా పక్క ఫ్లాట్ వాళ్లతో లిఫ్టులో తల ఊపడమే. ఇక్కడ దారి మూసుకుపోయేసరికి అందరూ చుట్టాలయ్యారు.

ఒక సాయంత్రం జోడీ మాతో కూర్చుంది. గోడల్ని ఎందుకు బాగుచేయరని నేను అడిగాను. నా చేతికి తాపీ ఇస్తే వారంలో ఆ పెద్దిల్లు నిలబెడతానని కూడా అన్నాను.

"నిలబెడతారు. అప్పుడది మీరు కట్టిన ఇల్లవుతుంది" అంది జోడీ. తర్వాత మడుగు వైపు చూపించింది. జోడీ వాళ్లమ్మ తరపు వాళ్లు ఈ నేల ఆదివాసులు. "ఆ గోడలు నిన్నటివి. మా వాళ్లు ఈ నీళ్ల దగ్గర ఎప్పటి నుంచి ఉన్నారో లెక్కే లేదు. బోర్డు మాత్రం గోడలకు ముందు పెట్టారు." నవ్వుతూనే అంది. ఆ పార్కును ఇప్పుడు వాళ్ల మనుషులూ ప్రభుత్వమూ కలిసి చూసుకుంటున్నారట. గోడల్ని కూడా వాళ్లే కాస్తున్నారు. తమను పక్కకు నెట్టినవాళ్లు కట్టిన ఇళ్లకు వాళ్లే ఊతకర్ర పెట్టారు. ఎందుకని అడిగితే, "జరిగింది జరిగినట్టు కనబడాలి కదా" అంది.

అక్క ఆ మాట వినగానే నా వైపు ఒక చూపు చూసింది. నేను టీ గ్లాసులోకి చూసుకున్నాను.

తిరుగుదారి

నాలుగో రోజు పొద్దున దారి తెరిచారు. డెన్నిస్ ఇంకో వారం ఉంటానన్నాడు. ఇచ్చిన పెన్నులకు డబ్బు తీసుకోమంటే కసిరినంత పని చేశాడు. అక్క ఆయన రెండు చేతులూ పట్టుకుని తెలుగులోనే ఏదో చెప్పింది. ఆయనా ఏదో చెప్పాడు. నేను అనువదించలేదు, వాళ్లకు అవసరం పడలేదు.

ఊడ్నడాటాలో నర్సు ఒక్కరే ఉండే చిన్న ఆసుపత్రి ఉంది. ఆమె అక్క కాళ్లు, కళ్లు, రక్తపోటు అన్నీ తీరిగ్గా చూసింది. పాడైన పెన్నుల్ని పసుపు డబ్బాలో పడేసి, కొత్తవి ఇచ్చింది. మీటర్‌లో ఏడూ పాయింట్ ఆరు. "మీ అక్క నాకంటే గట్టిగా ఉంది, తీసుకెళ్లండి" అంది.

బయట మెట్ల మీద అక్క నా పక్కన కూర్చుంది. అయిదు రోజులుగా ఎదురుచూస్తున్న చీవాట్లు ఇప్పుడు పడతాయనుకున్నాను.

"సూరీ, మందు పాడుచేశావని నాకు కోపం లేదు. నేనూ చూసుకోలేదు. ఒకటే చెప్తున్నాను. ఈసారి ఏదన్నా పాడైతే ముందు నాకు చెప్పు. ఆ తర్వాత ఇద్దరం కలిసి భయపడదాం. ఒక్కడివే ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోకు."

"చూశావా?"

"కిలో ఉల్లిపాయలు తరిగావురా. ముగ్గురికి."

స్వప్న కారు హారన్ కొట్టింది. నేను వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఊడ్నడాటా నుంచి దక్షిణానికి పోయే ఆ దారి చాలా బాగుంటుందని, పాత రైలు వంతెనలు, పాడుబడ్డ స్టేషన్లు వస్తాయని, వాన పడ్డాక రాళ్ల మధ్య పూలు కూడా పూశాయని వాళ్లిద్దరూ తర్వాత చెప్పారు. నాకు తెలియదు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. రెండువందల కిలోమీటర్లు, ఒక్కసారి కూడా లేవలేదట.